రామగిరి నీతియు, పాములపర్తి నరసింహారావుగారి దౌత్యమును



మన సంఘ వార్షిక మహాసభా సందర్భమునఁ బ్రకటింపఁబడు నీ సంచికకుఁ జరిత్ర విషయకమైన వ్యాసమొకటి వ్రాసి యీయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ముఁ గోరిరి. కరీంనగర మండలమునఁ బుట్టి, కరీంనగర, ఆదిలాబాదు మండలములలో ముప్పది సంవత్సరములకుఁ బైఁగా బాలురకు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి నొందిన మాకు, ఈ సీమ చరిత్రకంటెఁ బ్రియతరమైన విషయము మఱొకటి లేదు. ఏ విషయమును గైకొందమా యని యాలోచించుచుండఁగా, మా యుద్యోగకాలమున నొక విద్యార్థి యడిగిన ప్రశ్న జ్ఞప్తికి వచ్చినది.

అది తొమ్మిదవ తరగతి. నల్లబల్లపై సవర్ణదీర్ఘసంధిని వ్రాసి, దాని క్రింద నొక సమాసమునకు విగ్రహవాక్యమును వ్రాయుచుంటిమి. వెనుక బల్లనుండి యొక బాలుఁడు లేచి, "సార్, ఈ సంధులు, విగ్రహాలు మాకెందుకు పనికొస్తయి?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వి, "పరీక్షలో మార్కులకుఁ బనికివచ్చు"నని చెప్పి తప్పించుకొంటిమి. ఆ యుత్తర మాతనికిఁ దృప్తి నీయలేదని యాతని మొగము చూచినపుడే మాకుఁ దెలిసినది. నాఁడు మే మీయలేకపోయిన యుత్తరమే యీ వ్యాసము.

సంధి, విగ్రహము అను నీ రెండు మాటలును వైయాకరణుల సొత్తు మాత్రమే కావు. రాజ్యములు కలియుట సంధి. విడివడి పోరాడుట విగ్రహము. కౌటిల్యుఁడు తన యర్థశాస్త్రమున సప్తమాధికరణము నంతటిని షాడ్గుణ్యమునకే వినియోగించెను. సంధి, విగ్రహము, యానము, ఆసనము, సంశ్రయము, ద్వైధీభావము నను నీ యాఱును పరరాజ్యములతో వ్యవహరించు రాజు చేతిలోని యాఱు సాధనములు. వీనిలో యానము దండెత్తిపోవుట. ఆసనము కదలక కాలమునకై వేచియుండుట. సంశ్రయము బలవంతుని యండఁ జేరుట. ద్వైధీభావము ఒకనితో సంధియు నొకనితో విగ్రహమును నడపుట. సంధి విగ్రహములవలనఁ గలుగు లాభము సమానమైనచో సంధినే యెన్నుకొనవలయు ననియు, ఏలయనఁగా యుద్ధమున జననష్టము, ధనవ్యయము, పరదేశవాసము, పాపము ననునవి తప్పవనియు నాతని సిద్ధాంతము. కఠిన రాజనీతికిఁ బేరుపడిన యా యాచార్యుఁడే యుద్ధమును గూర్చి యింత జాగరూకుఁడై యుండుట మన విద్యార్థులు గమనింపవలసిన విషయము. ఇట్టి గ్రంథము శతాబ్దులపాటు కానరాక యుండి, మైసూరున ఆర్. శామశాస్త్రిగారి చేత 1909లో ముద్రింపఁబడి లోకమునకు మఱల దక్కినది.

ఈ విద్య మన మండలమునకుఁ గ్రొత్తది కాదు. మంథనికి సమీపమున రామగిరి దుర్గము గలదు. ఓషధులకుఁ బేరుపడిన యా కొండమీఁది కోట యొకప్పుడు సబ్బినాటికి రాజధాని. పదునైదవ శతాబ్దమున నచ్చట నేలిన ముత్తభూపాలుని మంత్రి కందనామాత్యుని యాదరమున మడికి సింగన యను మహాకవి యుండెను. ఆయన పద్మపురాణోత్తరఖండమును, వాసిష్ఠరామాయణమును దెనిఁగించుటయే గాక, సకలనీతిసమ్మత మను నొక యపూర్వ గ్రంథమును గూర్చెను. అది స్వకపోలకల్పితము గాదు. తనకుఁ బూర్వు లాంధ్రమున రచించిన నీతి గ్రంథములనుండి పద్యముల నేఱి, విషయానుసారముగా నమర్చిన సంకలనము. రాజు, మంత్రి, దూత, దుర్గము, సేన, సంధి, విగ్రహము మొదలగు విషయములపై నాంధ్రు లేమి యనుకొనిరో యొకచోటఁ జూడవలయునన్న నా గ్రంథమే శరణ్యము. అందలి మూల గ్రంథములు కొన్ని నేఁడు నశించినవి. వానిలోని పద్యములు సింగన పుణ్యమున మాత్రమే మిగిలినవి. మానవల్లి రామకృష్ణకవిగారు దానిని వెలికిఁ దెచ్చి యాంధ్రుల కుపకార మొనర్చిరి.

సింగన తరువాత నైదువందల యేండ్లకుఁ బైఁగా గడచిన పిదప, ఆ రామగిరి సీమనుండియే శాసనసభ కెన్నికయై, యా సంధి విగ్రహములను గ్రంథములందుఁ గాక ప్రపంచ రంగమున నడపిన పండితుఁ డొకఁడు బయలుదేఱెను. ఆయనయే కీర్తిశేషులు పాములపర్తి వేంకట నరసింహారావుగారు.

ఆయన 1921 జూన్ 28వ తేదీన వరంగల్లు మండలము నర్సంపేట ప్రాంతమునందలి లక్నేపల్లిలో జన్మించిరి. బాల్యముననే దత్తుఁడై వంగర గ్రామమునకు వచ్చిరి. వంగర నాఁడు కరీంనగర మండలములోనిది; నేఁడు హనుమకొండ మండలమునఁ జేరినది. పొలిమేరలు మాఱినను, ఊరును ఊరి జ్ఞాపకమును మాఱవు గదా! 1938లో నైజాము రాష్ట్ర కళాశాలలలో వందేమాతర గీతమును బాడరాదని నిషేధింపఁగా, విద్యార్థు లెదిరించి బహిష్కృతులైరి. వారిలో నరసింహారావుగారొకరు. తమ రాజ్యమున విద్యాద్వారములు మూసికొనఁగా, ఆయన పూనా, నాగపురములకుఁ బోయి చదివి, న్యాయశాస్త్ర పట్టమును బొందిరి. ఈ ప్రవాసమువలన మహారాష్ట్ర భాష ఆయనకు మాతృభాషవలె నలవడినది. హైదరాబాదులో బూర్గుల రామకృష్ణారావుగారి యొద్ద న్యాయవాదవృత్తి నభ్యసించిరి. 1947-48 సంవత్సరములలో నైజాము ప్రభుత్వమునకు వ్యతిరేకముగా నడచిన పోరాటమున, ఆదిలాబాదు పొలిమేరకు ఆవల నున్న చాందాలో స్టేట్ కాంగ్రెసు శిబిరమునఁ బనిచేసిరి. సరిహద్దు రేఖ యనఁగా నేమియో, దాని కిరుప్రక్కల నుండు జనుల బాధ యెట్టిదో, ఆయన పుస్తకములఁ జదువక పూర్వమే ప్రాణహితా తీరమునఁ గన్నులారఁ జూచిరని చెప్పవచ్చును.

ఆయన భాషాపాండిత్యము లోకవిదితము. తెలుఁగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, సంస్కృతము, పారసీకము, ఆంగ్లములే గాక, ప్రౌఢవయస్సునందు స్పానిషు భాషను గూడ నేర్చిరి. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలను సహస్రఫణ్ అను పేర హిందీలోనికిని, హరినారాయణ ఆప్టే రచించిన మరాఠీ నవలను అబల జీవితము అను పేరఁ దెలుఁగులోనికిని బరివర్తించిరి. వరంగల్లున కాకతీయ పత్రికా నిర్వహణమునఁ బాలుగొనిరి. 1968 మొదలు 1974 వఱకుఁ దెలుఁగు అకాడమీ కధ్యక్షులై యుండిరి. అనువాదకునకును దౌత్యవేత్తకును గల పోలిక నిచ్చట నొక్క మాటఁ జెప్పవలయును. ఇరువురును పరుని మాటను పరుఁ డుద్దేశించిన యర్థమున గ్రహించి, తనవారికి విశదము చేయవలసినవారే. ఒక్క మాట జాఱినను కావ్యము చెడును. సంధిపత్రమున నొక్క మాట జాఱినచోఁ బ్రాణములే పోవును.

1957 మొదలు 1977 వఱకు మంథని నియోజకవర్గమునుండి శాసనసభ్యులై, పలు శాఖల మంత్రిత్వము నిర్వహించి, 1971 సెప్టెంబరు 30న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులైరి. 1972లో భూపరిమితి విధానమునకుఁ బూనికొనఁగా, భూస్వాములనేకులు మండిపడిరి. అప్పుడు మాకుఁ బండ్రెండేండ్ల ప్రాయము. మా యూరి యరుగులమీఁద మనవారే కొందఱు "మనవాఁడై యుండి మన భూములకే యెసరు పెట్టె"నని యాయనను నిందింపఁగా మేము చెవులార వింటిమి. నేఁడు మన సభలలో నాయన చిత్రపటమునకుఁ బూలమాలలు వేయుచున్నాము. వేయవలసినదే. కాని యాయన మనవాఁడని చెప్పుకొనుటకు మనకు గల యర్హత యెంతయో యొకమాఱు తర్కించుకొనవలయును. 1973 జనవరిలో ఆంధ్రోద్యమ సంక్షోభమున నాయన పదవి పోయినది. తరువాత 1974లో యూరపు దేశములను బర్యటించి, అమెరికా, పశ్చిమ జర్మనీ విశ్వవిద్యాలయములలో రాజకీయ విషయములపై నుపన్యసించిరి. పదవి పోయినవాఁ డింటఁ గూర్చుండి విలపింపక విద్యార్థి యగుట యిచ్చటి విశేషము.

1977లో హనుమకొండనుండి లోకసభ కెన్నికై, 1980 జనవరిలో ఇందిరాగాంధీగారి మంత్రివర్గమున విదేశాంగ మంత్రులైరి. సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్థానమునఁ బ్రవేశించి నాలుగు వారములైనను గాలేదు. ఉత్తరమునఁ జైనాతో 1962 నాఁటి పుండు మానలేదు. పశ్చిమమునఁ బాకిస్థానముతో మాటలు మాత్రమే మిగిలినవి. ఇట్టి సమయమున నాయన 1981 ఫిబ్రవరిలో ఢిల్లీ యందు జరిగిన అలీన రాజ్యముల విదేశాంగ మంత్రుల సభను నడపి, పరస్పర విరుద్ధములైన మతముల నొక్క తీర్మానములోనికిఁ దెచ్చిన నేర్పుచేఁ బేరు పొందిరి. ఆ జూన్ మాసముననే పాకిస్థానమునకు వెళ్లివచ్చిరి. చైనా విదేశాంగ మంత్రి ఢిల్లీకి రాఁగా, సరిహద్దు చర్చలకుఁ ద్వారము తెఱవఁబడెను. 1983 జూలైలో సింహళమునఁ దమిళులపై ఘోర హింస చెలరేఁగినప్పుడు, ఇందిరాగాంధీగారు పంపఁగాఁ గొలంబోకుఁ బోయినవారాయనయే. ఆ నవంబరులో పాలస్తీనా విమోచన సంస్థలోని యంతఃకలహమును దీర్చుటకై పశ్చిమాసియాకు వెళ్లిన అలీన రాజ్యముల ప్రత్యేక బృందమునకు నాయకులైరి. కౌటిల్యుఁడు దూతలను మువ్వురిగా విభజించెను. పూర్ణాధికారము గలవాఁడు నిసృష్టార్థుఁడు. ఒక కార్యమునకు మాత్రమే యధికారము గలవాఁడు పరిమితార్థుఁడు. లేఖను మోసికొనిపోవువాఁడు శాసనహరుఁడు. నరసింహారావుగారి జీవితమున నీ మూఁడు పాత్రలును గలవు. శాసనహరునివలె వినయముతోఁ బోయి, నిసృష్టార్థుని బుద్ధితో మెలఁగుటయే యాయన రీతి.

1984 ఎన్నికలలో హనుమకొండ యాయనను దిరస్కరించినది. విదర్భలోని రాంటెక్ గెలిపించినది. కాళిదాసు మేఘసందేశమందలి యక్షుఁడు విరహమున వసించిన రామగిరి యా రాంటెక్కే యని పండితు లనేకులు నిర్ణయించిరి. మన రామగిరిచే నిరువదియేండ్లు పోషింపఁబడినవాని కా రామగిరి యాశ్రయ మిచ్చుట కేవలము కాకతాళీయమే యైనను, మావంటి సంస్కృత ఛాత్రులకు ముచ్చట గొలుపు సంగతి. 1988 జూన్ మొదలు 1989 డిసెంబరు వఱకు మఱల విదేశాంగ మంత్రులైరి. 1988 డిసెంబరులో రాజీవ్ గాంధీగారు చైనాకు వెళ్లిరి; సరిహద్దు సమస్యకై యుభయ రాజ్యముల సంయుక్త కార్యవర్గ మేర్పడెను.

1991 జూన్ 21న నరసింహారావుగారు ప్రధానమంత్రులైరి. కోశమున విదేశద్రవ్యము కొన్ని వారముల దిగుమతులకు మాత్రమే చాలియుండెను. ఆ సంవత్సరాంతమునకు సోవియట్ రాజ్యమే లేకపోయెను. అనఁగా, నాఁటివఱకు మన దేశము నమ్ముకొన్న సంశ్రయ మొక్కసారిగాఁ గూలినది. మిగిలిన గుణముల నెట్లు ప్రయోగింపవలయునన్నదే యాయన ముందున్న సమస్య.

మొదటిది సంధి. 1993 సెప్టెంబరు 7వ తేదీన బీజింగులోఁ జైనాతో వాస్తవాధీన రేఖ వెంబడి శాంతి నెలకొల్పు నొప్పందము వ్రాయఁబడెను. దాని కీలకము నెఱుఁగవలయును. సరిహద్దు ఎచ్చట నున్నదను వివాదమును అది తీర్పలేదు; ఆ విషయమున నెవరి వాదమునకును భంగము రాదని స్పష్టముగాఁ జెప్పినది. తీర్పు వచ్చునంతవఱకు వాస్తవాధీన రేఖ నిరుపక్షములును గౌరవింపవలయును. బలప్రయోగము చేయరాదు, బెదరింపరాదు. సేనలను మిత్రరాజ్యములకుఁ దగిన కనీస సంఖ్యకుఁ దగ్గింపవలయును. రేఖ సమీపమున సైనిక విన్యాసములు జరుపునపుడు ముందుగాఁ దెలుపవలయును. వివాదము పుట్టినచో మాటలాడి తీర్చుకొనవలయును. తీరని తగవును తీర్చినట్లు నటింపక, తగవు యుద్ధము కాకుండ గట్టు కట్టుట యిందలి యుపాయము. మన పల్లెలలోఁ బొలము గట్టు తగవు కోర్టున నుండఁగా, పంట పోకుండ నిరువురును నీరు పెట్టుకొనుట కొప్పుకొను పద్ధతి వంటిదే యిది. 1996 నవంబరులో, ఆయన పదవి వీడిన పిదప, ఈ పునాదిమీఁదనే మఱొక యొప్పందము కుదిరినది.

ఆ గట్టు శాశ్వతముగా నిలిచినదా యని యడుగువారు గలరు. అడుగవలసిన ప్రశ్నయే. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ఘర్షణ జరిగి, మన సైనికు లిరువదిమంది వీరమరణ మొందిరి. వారి నాయకుఁడు కర్నల్ సంతోష్ బాబు మన తెలంగాణమందలి సూర్యాపేట వాస్తవ్యుఁడే. పత్రమందలి సంధి రెండవపక్షమువారి యుద్దేశమును మార్పఁజాలదు. రేఖ యెచ్చటి దన్న విషయమున నేకాభిప్రాయము లేని లోపమును దాఁచఁజాలదు. ఐనను 1993 మొదలు దాదాపు ఇరువదియేడేండ్లు ఆ రేఖపై నట్టి ప్రాణనష్టము లేకుండుటయు నిజమే. 2024 అక్టోబరులోఁ గస్తీ విషయమై యుభయ రాజ్యములును మఱల నొక యంగీకారమునకు వచ్చినవి. సంధి యొకమాఱు వ్రాసి పెట్టెలోఁ బెట్టు పత్రము కాదు. ఏఁటేఁట గండి పూడ్చవలసిన చెఱువు కట్ట.

రెండవది ద్వైధీభావము. కౌటిల్యుని యర్థమున నది యొకనితో సంధి, యొకనితో విగ్రహము. నరసింహారావుగారు దానిని మార్చి, ఒండొరులకు విరోధులైన యిరువురితోను సంధి గావించిరి. ఇస్రాయేలును మన దేశము 1950లోనే గుర్తించినను, నలువది యేండ్లకుఁ బైఁగా పూర్ణ దౌత్యసంబంధము లేదు. 1992 జనవరిలోఁ బాలస్తీనా నాయకుఁడు యాసర్ అరాఫత్ ఢిల్లీకి వచ్చి వెళ్లిన కొలఁది దినములకే, 29వ తేదీన, ఇస్రాయేలుతో సంబంధము ప్రకటింపఁబడెను. పాత మిత్రునికిఁ జెప్పి క్రొత్త మిత్రుని ఇంటికిఁ బోవుట మర్యాద. అట్లే తూర్పు దేశములతోఁ బొత్తును బెంచి, 1992లో ఆసియాన్ కూటమితో రంగవారీ భాగస్వామ్యమును, 1995లోఁ బూర్ణ సంభాషణ భాగస్వామ్యమును సాధించిరి. 1994 సెప్టెంబరులో సింగపూరున నుపన్యసించి యా దృష్టిని లోకమునకు విశదపఱచిరి.

మూఁడవది, రక్తము చిందని విగ్రహము. 1994 ఆరంభమునఁ గాశ్మీర విషయమై పాకిస్థానము జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘమున మనపైఁ దీర్మానము తెచ్చినది. నరసింహారావుగారు మన పక్షమున వాదించు బృందమునకుఁ బ్రతిపక్ష నాయకులగు అటల్ బిహారీ వాజపేయిగారిని నాయకునిగాఁ బంపిరి. ఇంటిలోని కలహము గడప దాఁటరాదని లోకమునకుఁ దెలిపిన చర్య యది. ముందటి సెప్టెంబరులోఁ దాము స్వయముగా నిరానుకుఁ బోయి పెంచిన మైత్రియుఁ దోడ్పడినది. మార్చిలోఁ బాకిస్థానమే తన తీర్మానమును విరమించుకొన్నది.

నాలుగవది యాసనము. 1995లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధ సంధి నిరవధికముగాఁ బొడిగింపఁబడినను, మన దేశ మందుఁ జేరలేదు. ఆ డిసెంబరులోఁ బోఖ్రానున సన్నాహములు జరుగుట అమెరికా యుపగ్రహములకుఁ గనఁబడఁగా, ఒత్తిడి వచ్చినది, పరీక్ష జరుపలేదు. అధికారమును వదలుకొనక, ప్రయోగమును జేయక కూర్చుండుటయే కౌటిల్యుఁ డాసన మన్న స్థితి. 1998 మే మాసమున వాజపేయి ప్రభుత్వ మా పరీక్షలను నెఱవేర్చినది.

చరిత్ర స్తోత్రపాఠము కాదు. 1991 ఆగస్టులో మాస్కోలోఁ గుట్రదారులు గోర్బచెవును బంధింపఁగా, అది తొందరపడి మార్పులు చేయువారికి హెచ్చరిక యను నర్థము వచ్చునట్లు నరసింహారావుగారు పలికిరి. మూఁడు దినములలో కుట్ర విఫలమైనది. మాట మాత్రము నిలిచి విమర్శ తెచ్చినది. ఇంతకంటె గురుతరమైనది 1992 డిసెంబరు 6. అయోధ్యలో బాబరీ మసీదు కూల్చివేయఁబడునాఁడు దేశాధికార మాయన చేతిలో నుండెను. వేచియుండుట యను నే గుణము పరరాష్ట్ర విషయములలో నాయనకు శోభ తెచ్చెనో, ఆ గుణమే యానాఁడు మచ్చ తెచ్చెను. కదలకూడని కాలమునఁ గదలకుండుట నీతి. కదలవలసిన కాలమునఁ గదలకుండుట దోషము. ఆయన తన పక్షమును వివరించి వ్రాసిన గ్రంథము మరణానంతరము 2006లో వెలువడినది. చదువరులు తామే విచారించి నిర్ణయించుకొందురు గాక.

1996లో పదవి పోయిన పిదప న్యాయస్థానముల చుట్టు తిరుగవలసి వచ్చినది. 2000లో నొక న్యాయస్థానము శిక్ష విధింపఁగా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి యని కొట్టివేసినది. ఆ నడుమ 1998లో తమ జీవితచ్ఛాయ గల యాంగ్ల నవలను బ్రకటించిరి. 2004 డిసెంబరు 23న ఢిల్లీలోఁ గాలధర్మము నొందిరి. అంత్యక్రియలు హైదరాబాదున జరిగెను. 2024లో భారతరత్న బిరుదము మరణానంతరముగా నీయఁబడెను.

ఇఁక మా విద్యార్థి ప్రశ్నకు వత్తము. సంస్కృతము చదివిన ప్రతివాఁడును ప్రధానమంత్రి కాఁడు; ఆ యాశ చూపుట మోసము. కాని పరభాషను నేర్చువాఁడు పరుని మనస్సు నెఱుఁగ నేర్చును. సంధి విగ్రహములను విభజింప నేర్చినవాఁడు మాటలో మాట యెచ్చట నతికినదో, ఎచ్చట విడినదో కనిపెట్టఁగలఁడు. దౌత్యమునకుఁ గావలసిన మూలధన మదియే. అది కులముచే రాదు, కోశముచే రాదు; చదువుచే వచ్చును. వందేమాతరము పాడినందుకు వెలివేయఁబడిన బాలుఁడు పొరుగు నగరమునఁ బొరుగు భాషలోఁ జదివి, దానినే బలముగాఁ జేసికొనుట యిందుకు నిదర్శనము.

కావున మహాసభవారికి మా విన్నపము రెండు మాటలు. విగ్రహములు నెలకొల్పుట సులభము. ఆ మాట కింకొక యర్థము గలదని యిప్పటికే చెప్పితిమి. ప్రతి సంవత్సరమును ఈ మండలముల బీదవిద్యార్థులలోఁ గొందఱకు, మనవారా పరులా యని యెంచక, ఒక పరదేశభాషయో, సంస్కృత పారసీకములలో నొకటియో నేర్చుటకు వేతన మేర్పఱపుఁడు. మంథని, ధర్మపురి గ్రామములలోని పాత యిండ్ల యటకలపై నింకను మిగిలియున్న తాళపత్రములను చెదలకు విడువక సేకరింపుఁడు. సింగన యేఱి కూర్పకున్న యెన్ని పద్యములు మనకు దక్కెడివి కావో తలఁచుకొనుఁడు.

ఆ బాలుఁ డిప్పుడెచ్చట నున్నాఁడో మే మెఱుఁగము. ఈ సంచిక యాతని చేతఁ బడునేని, ఆలస్యమైనందులకు క్షమించి, మా యుత్తరమును స్వీకరించుఁ గాక.

శుభం భూయాత్.